ఇగ రా అంటే ఆట

రాస్తున్నవా బిడ్డ? ముందుగాల నీ బాస్కెట్‌బాల్ సంగతి రాయి. మొన్న నీ ఆట సూడనీకి స్కూలుకు వస్తే, నువ్వు బంతిని నేలకు కొట్టకుండనే మూడడుగులు ఉరికినవు. సీటీ ఊదకముందే నేను "తప్పు" అన్న. పక్కన కూసున్న అమ్మలందరు నా దిక్కే సూసిండ్రు. ఈమెకు గీ ఆట ఎట్ల ఎర్క అని నువ్వు గూడ అడిగినవు. గందుకే చెప్తున్న. నాకు గీ ఆట తెలిపినాయన ఏడడుగులకు జర తక్కువుండె. ఎన్నో దేశాలల్ల ఆడొచ్చిండు. ఆయన అంగీలన్ని నేనే ఉతికిన.

అప్పుడు తెలంగాణ కోసం కొట్లాట నడుస్తుండె. మేం బోరబండల కిరాయికుంటుంటిమి. కొండాపూర్ల ఒక గెస్ట్ హౌస్‌ల నేను వంటమనిషిని, మీ తాత గేటు కాడ వాచ్‌మెన్. పొద్దుగాల లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట్ల దిగి, ఆడికెల్లి ఆటోల పోతుంటిమి. గెస్ట్ హౌస్ సారుది కడప దిక్కు. మంచోడే గని, పేపర్ తెరిస్తే సాలు, మీ తాతకు ఆయనకు పంచాయితి. సారు "మీకు యాడొస్తాదిబ్బా రాష్ట్రం" అంటడు. మీ తాత "వస్తది సార్, రాసి పెట్టుకోండ్రి" అంటడు. అటెన్క ఇద్దరు కలిసి చాయ్ తాగుతరు.

ఒకనాడు కారులకెల్లి ఆయన దిగిండు. దిగుడంటే మామూలు దిగుడు కాదు, మడత మంచం ఇప్పినట్టు ఒక్కొక్క కాలు బయటికొచ్చింది. దర్వాజ కాడ వంగిండు, గల్మ దాటినంక లేసిండు, ఫ్యాను సూసి మల్ల వంగిండు. మంచం సాలకపోతే కాళ్ల దిక్కు ఒక పెట్టె, పెట్టె మీద బొంత ఏసినం. మీ తాత రిజిస్టర్ తెరిచి ఏ దేశం సార్ అంటే, "క్రొయేషియా" అన్నడు. మీ తాత సక్కగ "కొరియా" అని రాసుకున్నడు. ఇగ వారం దినాలు గల్లీల ఆయన కొరియాయననే. ఇస్త్రీ డబ్బాయన అయితే, ఆడ సెల్‌ఫోన్లు చేస్తరట గద, నాకొకటి తెప్పిస్తడేమో అడుగు అని నా ఎంబడి పడ్డడు. సారుకు తెలిసి ఒకటే నవ్వుడు. పటం తెచ్చి వేలు పెట్టి సూపిచ్చిండు. సముద్రం పక్కపొంటి, కొడవలి లెక్క వంకరగ ఉంది ఆ దేశం. మీ తాత పటం దగ్గరికి వంగి సూసి, "ఒకటి రెండక్షరాలే గద సార్ తేడా" అన్నడు.

ఆయన ఎందుకొచ్చిండంటే, ఒక సాఫ్ట్‌వేర్ కంపెని తన ఉద్యోగులతోని టీం పెట్టింది. కంపెనీలకు కంపెనీలకు పోటీలు. వాళ్లకు నేర్పనీకి మూడు నెలలకు పిలిపిచ్చుకున్నరు. కుర్చీలల్ల కూసొని కూసొని పొట్టలొచ్చినోళ్లు, రెండు సుట్లు ఉరికితే నడుము పట్టుకొని నిలవడుతరట. ఆయన గవ్వన్ని సేసి సూపెడుతుంటే సారు కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్వుతుండె.

మొదటి దినం సంగతి చెప్పాలె నీకు. గెస్టులను మర్యాదగ పిలవాలని సారు నాకు ముందే చెప్పిండు. నేను దర్వాజ కాడ నిలవడి "రాండ్రి సార్, అన్నం తినుండ్రి" అని నాలుగు సార్లు అన్న. లోపల సప్పుడే లేదు. చారు సల్లారుతుంది. నాకు ఓపిక సచ్చిపోయి, కడుపుల పుట్టినోన్ని పిలిచినట్టు "ఇగ రా" అని ఒక్క కేక ఏసిన. దడాల్న దర్వాజ తెరుసుకుంది. చేతుల్లేని అంగి, లాగు, బూట్లు, సంకల బంతి. తయారై నిలవడ్డడు. గంటె పట్టుకొని నేను, బంతి పట్టుకొని ఆయన. ఇద్దరం ఒకరినొకరం సూసుకుంట నిలవడ్డం. సారొచ్చి ఇంగ్లీషుల అడిగిండు. ఆయన భాషల "ఇగ్రా" అంటే ఆట అట. ఆట ఉంది, జల్దీ రమ్మంటున్నది ఈ అమ్మ అనుకున్నడట పాపం.

గప్పటి సంది నేను ఆయనను గట్లనే పిలిచిన. సారు సార్ అనమంటడు గని, సార్ అంటే ఆయన రాడు, ఇగ రా అంటే వస్తడు. రోజు బంతితోనే వస్తుండె, కావాలని.

మాటలు రాకున్నా మాకు నడిసింది. ఆయన చాయ్‌ని చాయ్ అనే అంటడు. తవాను తవా అంటడు. జేబు సూపెట్టి "జెప్" అంటడు, సబ్బును "సాపున్" అంటడు. నేను షక్కర అంటే ఆయన "షెచెర్" అన్నడు. ఏంది, ఈయన మన పాతబస్తీల గిట్ల పుట్టిండా అని నాకు అనుమానమొచ్చింది. వాళ్ల దిక్కు టర్కీవాళ్లు ఏండ్లకేండ్లు ఏలినారంట, ఆ మాటలట్ల పడినాయి అని సారు చెప్పిండు. మన దిక్కేమో ఉర్దూ. యాడియాడికెల్లో తిరిగి జేబు మా ఇద్దరి తాన ఒకటే అయింది.

ఇగ అంగీల ముచ్చట. పెద్ద సంచి నిండ చేతుల్లేని అంగీలే, ఒక్కో దేశానిది ఒక్కో రంగు. నేను ఉతికి మిద్దె మీద తీగకు ఆరేస్తే ఆయనొచ్చి కూసునేటోడు, సారు పైకొస్తే ఒక్కొక్కటి పట్టుకొని చెప్పేటోడు. ఎర్రది టర్కీది, ఆడ చాయ్‌ల పాలు పొయ్యరట, బుడ్డ గిలాసలల్ల తాగుతరట. నీలంది పోలాండ్‌ది, ఆడ చలికి బస్సుల కిటికీలు గడ్డకట్టేటియట, బీట్‌రూట్‌తోని చారు పెడుతరట. ఆకుపచ్చది లెబనాన్‌ది. ఆడ ఉన్నప్పుడు ఆటకు పోయే తొవ్వల బస్సు చెడిపోతే, టీం మొత్తం దిగి నూకినరట. పసుపుపచ్చది ఫిలిప్పీన్స్‌ది, ఆడ మన తీరుగనే చింతపండు పులుసు కాస్తరట. నేను చేసిన పచ్చిపులుసు తాగి కండ్లు మూసుకొని ఆ దేశం పేరు చెప్పిండు. తెల్లది ఇరాన్‌ది. ఇరాన్ల బువ్వ అడుగంటిస్తరట, కావాలనే. ఆ మాడును గీకి, దావత్‌కు వచ్చిన పెద్దమనిషికి ముందు పెడుతరట. నేను నమ్మలే. మా అత్త బువ్వ జర అడుగంటితే గంజుతోని సహా నన్ను బయటికి నూకుతుండె.

ఆటెట్ల అని అడిగితే, మిద్దె మీదనే నేర్పిండు. బంతి పట్టుకున్నంక ఒక కాలు నేలల పాతినట్టు ఉంచాలె, రెండో కాలు ఎటన్న తిప్పుకోవచ్చు. బట్టల తొట్టిని కుర్చి మీద పెట్టి మీ తాతతోని బంతి ఏయించిండు. మీ తాత నాలుగో సారికి ఏసిండు, ఏసి గల్లీ అంతా ఇనవడేటట్టు ఒర్రిండు.

గిన్ని అంగీలున్నయి గని, నేను ఒకనాడు అడిగిన, మీ సొంతూరిది ఏది అని. సారు గీ మాట చెప్పంగనే ఆయన తీగ మీద ఒక జాగ సూపిచ్చిండు. ఖాళీ జాగ. పద్దెనిమిదేండ్లకు ఊరు ఇడిసిండట. ఊరి టీంల పెద్దోళ్లతోని ఒక్కనాడు గూడ ఆడలే. అప్పటికి ఆయనకు ముప్పై ఆరు. తల్లి సముద్రం ఒడ్డున చేపలను డబ్బాలల్ల పెట్టే కార్ఖానల పనిచేసిందట. ఇమానం ఎక్కుడంటే ఆమెకు భయం. కొడుకు ఏ దేశంల ఆడినా ఒక్క ఆట గూడ కండ్లార సూడలే, ఫోన్ల ఇనుడే. మోకాలు గూడ అరిగింది. మెట్లెక్కుతుంటే కటకటమని నాకే ఇనవడేది. ఇంకొక్క ఏడాది కాలు ఆగితే మా ఊర్ల ఆడుత, అమ్మ సూస్తది. గదొక్కటే ఆయన అడిగేది, ఇంకేం లేదు.

గంతట్ల బందులు ఎక్కువైనయి. ఇయ్యాల బంద్, రేపు రైల్ రోకో, ఎల్లుండి సమ్మె. కంపెనీల పోటీలు ఆగిపోయినయి. ఆయన మిద్దె మీద ఒక్కడే బంతి కొట్టుకుంట కూసునేటోడు. ఒకనాడు పేపర్ల రోడ్డు మీద బండలు అడ్డం పెట్టిన ఫోటో సూసి మొకం మారిపోయింది. చాయ్ తాగలే. ఏమైందని సారును అడగమన్న. ఆయన పదహారేండ్ల పోరడున్నప్పుడు వాళ్ల దేశం గూడ ఒక పెద్ద దేశంలకెల్లి విడిపోయిందట. అప్పుడు గూడ ముందుగాల రోడ్ల మీద చెట్లు నరికి అడ్డం పెట్టినరట. అటెన్క తుపాకులొచ్చినయట.

మీరు రోడ్లు మూసినంక ఏం చేస్తరు అని నన్ను అడిగిండు. ఆయన ఇంగ్లీషుల, సారు తెలుగుల, నేను తెలంగాణల.

"పొయ్యి పెడుతం" అన్న.

తర్వాత ఏం చేస్తరంట అన్నడు సారు.

"వండుతం."

"ఆ తర్వాత ఏందని అడుగుతాండాడమ్మా."

"ఏముంటది సారూ, తింటం."

నిజమే గద బిడ్డ. దాన్ని వంటా వార్పు అంటుండిరి. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గంజులల్ల వండి, వచ్చినోళ్లందరు ఆడనే కూసొని తినాలె. తినుడు అయిపోయిందాక బండ్లు కదలొద్దు. గదే మా కొట్లాట. ఆయన నమ్మలే. మల్ల మల్ల అడిగిండు, తిన్నంక ఏమైతది అని. గంజులు కడుగుతం అన్న.

గప్పుడే ఫోనొచ్చింది. వాళ్లూరి టీంల ఇద్దరు దెబ్బలు తగిలి పడుకున్నరట. కోచు ఈయన చిన్ననాటి సోపతిగాడు. శుక్రవారం పొద్దుగాల డాక్టర్ మోకాలు సూస్తడు, ఆ యాల్లకు ఉంటే ఉన్నట్టు, లేకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటరట. ఆయన మెట్ల మీద ఉరికొచ్చి చెప్పిండు. మోకాలు కటకట గూడ ఆయనకు ఇనవడలే. బుధవారం సాయంత్రం ఇమానానికి టికెట్ దొరికింది. ఇంకో దినం జాగ లేదట.

బుధవారం బంద్. ఆ దినమే కొండాపూర్ చౌరస్తాల వంటా వార్పు. బోరబండ ఆడోళ్లం, కంపెనీలల్ల ఊడ్సేటోళ్లం, వండేటోళ్లం, అందరం పోవాలని అనుకున్నం. బగార అన్నం నేను వండాలె. మాటిచ్చిన. రద్దు చేసుకుంటే ఇగ బోరబండల తలెత్తుకొని తిరగొచ్చునా?

నేను లెక్కేసిన. పదింటికి పొయ్యి ముట్టిస్తే పన్నెండింటికి బువ్వ అయితది, ఒంటిగంటకు తినుడు అయితది, తొవ్వ తెరుస్తరు. సారూ, మీరు ఒంటిగంటకు కారు తీసుకొని చౌరస్తకు రాండ్రి, ఫికర్ లేదు అని చెప్పిన. సారు నెత్తి కొట్టుకున్నడు. "ఆయప్ప బతుకు నీ గంజులో ఉందా అమ్మా" అన్నడు. నవ్విన గని, నిజంగ గట్లనే అయింది.

రాత్రి వాన పడ్డది. కట్టెలు పచ్చిగున్నయి. రైళ్లు బంద్ గాబట్టి ఆడోళ్లం నడుసుకుంట వచ్చేసరికే పొద్దెక్కింది. మేం అనుకున్నదానికి మూడింతల మంది వచ్చిండ్రు. ఎసరు మసలది, పొగ తప్ప మంట రాదు. నేను ఊదుకుంట ఊదుకుంట కండ్లు మంకెనపువ్వులైనయి. ఒంటిగంటకు కారొచ్చి ఆగింది. ముందల సారు, ఎనక ఆయన, మోకాళ్లు గద్వకు ఆనుకొని. బువ్వ ఇంక బియ్యమే.

పోనియ్యుండ్రి, ఇమానం ఉంది అని సారు అద్దం రెండు వేళ్ల మందం దించి బతిమాలిండు. మా ఆడోళ్లకు పెద్ద ఒకామె ఉండె, ఒక కంపెనీల ఆరంతస్తులు ఊడ్పిచ్చేది, ఆమె నోటికి మేనేజర్లు గూడ జడుస్తరు. ఆమె నడుముకు చేతులు పెట్టి నా దిక్కు తిరిగింది.

"ఏందే, నీ కొరియాయన కోసం తెలంగాణను ఆపాల్నా?"

"ఆపకు అక్క" అన్న. "పద్దెనిమిదేండ్లకు సొంతూరోళ్లు ఇగ రమ్మన్నరు. ఆయన ఊరికి ఆయనను పోనియ్యి."

ఆమె గంజు దిక్కు సూసింది. "తినకుండ ఎవ్వల్ని దాటనియ్యం. గది అందరికి ఒకటే. జల్దీ వండు మల్ల."

జల్దీ వండుమంటే నేనేం చేసిన్నో తెలుసా? ఆగలే. ఎండు అట్టపెట్టెలు, ఇరిగిన కుర్చి, ఏది దొరికితే అది పొయ్యిల పెట్టిన. మంట లేసింది గంజు మీదికి. పైన బువ్వ ఉడికింది, కింద మాడింది. బజారంత మాడు వాసన. ఇరవై ఏండ్ల సంది వండుతున్నదట అని ఆడోళ్లు ఒకటే ఎక్కిరిచ్చుడు.

ఆయనేమో కారు దిగడు. ఎట్ల దిగుతడు? బండలు అడ్డమున్నయి, మంటలున్నయి, గుంపు ఒర్రుతుంది. ఆయన కండ్లల్ల ఏం కనవడుతుందో నాకు సమజైంది. సీటును రెండు చేతులతోని పట్టుకొని కూసున్నడు. సారు గూడ దిగెటట్టు లేడు, కడపాయన గద, ఆయన భయం ఆయనది. నేను గంటె పట్టుకొని కారు కాడికి పోయిన. అద్దం మీద కొట్టిన.

"ఇగ రా" అన్న.

ఆయన నన్ను సూసిండు. గంటె సూసిండు. పొయ్యి సూసిండు. అటెన్క పెదవులు కదిలినయి, నవ్వు వచ్చింది. దర్వాజ తీసి ఒక్కొక్క కాలు బయట పెట్టిండు. గుంపంత తలలు పైకెత్తింది. గంత పొడుగు మనిషిని ఎవ్వలు సూడలే.

రోడ్డు మీదనే కూసున్నడు. ఇస్తారి ఏసిన. ఆయన కింద వేలు పెట్టి గంజు అడుగు సూపిచ్చిండు. మాడు కావాలట. నాకు ఇజ్జత్ పోయినట్టయింది, వద్దన్న. సారు అద్దంలకెల్లి తల బయట పెట్టి, ఇరాన్లో పెద్దమనుషులకు అదే పెడతారంట అని కేకేసి చెప్పిండు. ఇగ చూడు, గప్పటిదాంక నన్ను ఎక్కిరిచ్చినోళ్లే నాకు మాడు, నాకు మాడు అని చేతులు సాపిండ్రు. మా పెద్దామె గూడ ఒక ముక్క నోట్లేసుకొని, "ఇరానోళ్లకు ఏం తెల్వది" అన్నది.

తిన్నడు గని, కారు ఎట్ల పోతది? ముందట ఇంక మూడు చౌరస్తలల్ల గిదే వంట. మీ తాత తన పాత స్కూటర్ తీసిండు. రింగ్ రోడ్డు కాడ ట్యాక్సీ నిలవెట్టమని సారు ఫోన్ల చెప్పిండు. మా పెద్దామె అట్టముక్క మీద "తిన్నడు, పోనియ్యుండ్రి, జై తెలంగాణ" అని రాయించి ఆయన ఈపుకు పిన్ను పెట్టింది. ఆయన స్కూటర్ ఎనక కూసుంటే మోకాళ్లు మీ తాత చెవుల కాడికొచ్చినయి. సంచి మీ తాత కాళ్ల నడుమ.

ఆ తొవ్వ సంగతి మీ తాత పొద్దుమూకినంక వచ్చి చెప్పిండు. అట్ట మీద తిన్నడు అని రాసుంది గద, ఎవ్వలు నమ్మలేదట. గింత మనిషికి ఒక్కసారి తింటే ఏం సరిపోతది అని మొదటి చౌరస్తల పులిహోర పెట్టినరట. రెండో తాన కోడిగుడ్డు పులుసు. మూడో తాన ఆయన రెండు చేతులు జోడిచ్చి దండం పెట్టిండట, అయినా సేమ్యా పాయసం పోసిండ్రట. ట్యాక్సీ ఎక్కేటప్పుడు నడుము వంగలేదట. ఈపు మీద అట్ట తీసుడు ఇద్దరు మర్సిపోయిండ్రట.

ఇమానం దొరికిందా? మాకు తెల్వది. సారు ఫోన్ చేస్తే ఆయనది బంద్ వచ్చింది. మర్నాడు బంద్, వారం తర్వాత బంద్. నేను పరేషాన్. పొద్దుగాల లేస్తే గదే ఆలోచన. కట్టెలు ముందుగాలే సూసుకుంటే అయిపోతుండె, గంత ఆలస్యం కాకపోతుండె అని. సారు నన్నేం అనలే, అంటే బాగుండేది. మిద్దె మీద తీగకు బెడ్‌షీట్లు ఆరేస్తుంటే మనసున పట్టకపోయేది.

నెల దాటినంక ఒకనాడు సారు చేతిల ఫోన్ పట్టుకొని వంటింట్లకు వచ్చిండు. ఆయన ఉత్తరం రాసిండట, కంప్యూటర్ల. ఆఖరు మనిషిగ ఎక్కిండట ఇమానం, ఈపు మీద అట్ట సూసి ఇమానంల పిల్ల ఇదేం భాష అని అడిగిందట. శుక్రవారం డాక్టర్ మోకాలు సూసి తల అడ్డం తిప్పిండట. కోచు మాత్రం, మొత్తం ఆట వద్దు, జరజర ఆడు అన్నడట. మొన్ననే సొంతూర్ల మొదటి ఆట అయిందట.

"గెలిచినారో లేదో అడగవేమమ్మా?" అన్నడు సారు.

"ఆయన ఆడిండా లేదా, గది చెప్పుండ్రి."

"ఆడినాడంట. ఆరు నిమిషాలు. టీము ఓడిపోయిందంట."

"తల్లి సూసిందా సారూ?"

సారు ఫోన్‌ను దగ్గరికి దూరంగ పట్టుకొని సదివిండు. సూసిందట. ఆమె గూడ పొడుగు మనిషేనట, ఆరడుగులకు ఎక్కువనే. కొడుకు లోపలికి రాంగనే లేసి నిలవడ్డదట. ఎనకోళ్లు కూసోమ్మా, మాకేం కనవడుతలేదు అని మొత్తుకున్నరట. ఆ ఆరు నిమిషాలు ఆమె కూసోలేదట.